పాఠకుల ప్రశ్నలు – జవాబులు: 24 సెకన్ల తొలి ఏడాది, సిరక్యూస్ నేషనల్స్

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ తొలి దశాబ్దాల గురించి పాఠకులు పంపిన ప్రశ్నల్లో చాలా వరకు అక్కడి ప్రధాన లీగ్ ఎన్‌బీఏ 1954–55 సీజన్‌కు, ఆ ఏడాది విజేతగా నిలిచిన జట్టుకు సంబంధించినవే. అందువల్ల ఈసారి శీర్షిక మొత్తాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: ఎన్‌బీఏ విజేతల జాబితాలో 1955కు ఎదురుగా ‘సిరక్యూస్ నేషనల్స్’ అని ఉంది. ఇప్పుడు ఆ పేరుతో జట్టు లేదు. అంత పెద్ద లీగ్‌లోకి ఆ చిన్న ఊరి జట్టు ఎలా వచ్చింది?

జవాబు: ఆనాటికి అది అంత పెద్ద లీగ్ కాదు. 1949లో రెండు పోటీ లీగ్‌లు కలిసిపోయి ఎన్‌బీఏగా ఏర్పడినప్పుడు అందులో 17 జట్లు ఉండేవి. న్యూయార్క్, బోస్టన్ వంటి మహానగరాల పక్కనే షెబోయ్‌గన్, వాటర్‌లూ, ఆండర్సన్ వంటి చిన్న పట్టణాల జట్లు కూడా అందులో ఆడాయి. ఖర్చులు భరించలేక చిన్న ఊళ్ల జట్లు ఒక్కొక్కటే తప్పుకోగా, 1954 శరత్కాలం నాటికి తొమ్మిది జట్లు మాత్రమే మిగిలాయి. 1950 జనాభా లెక్కల ప్రకారం 2 లక్షల 20 వేల మంది ఉన్న సిరక్యూస్, 1 లక్షా 33 వేల మంది ఉన్న ఫోర్ట్ వేన్ అలా మిగిలిన వాటిలోవి. ఆ రెండే ఆ ఏడాది ఫైనల్స్‌లో తలపడ్డాయి.

నేషనల్స్ యజమాని డానీ బయసోన్ ఇటలీలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్‌లో స్థిరపడ్డాడు. బౌలింగ్ (బరువైన బంతిని దొర్లించి నిలబెట్టిన పిన్నులను పడగొట్టే ఆట) ఆటశాల నడపడం ఆయన వృత్తి. 1946లో 5,000 డాలర్లు చెల్లించి అప్పటి నేషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో స్థానం సంపాదించాడు. మూడేళ్ల తరువాత లీగ్‌లు కలిసినప్పుడు ఆయన జట్టు ఎన్‌బీఏలోకి వచ్చింది. 1950లోనూ 1954లోనూ ఫైనల్స్ దాకా వెళ్లి, రెండుసార్లూ ఆనాటి మేటి ఆటగాడు జార్జ్ మైకాన్ ఆడే మినియాపొలిస్ లేకర్స్ చేతిలో ఓడిపోయింది. రెండోసారి పోరు చివరిదైన ఏడో ఆట దాకా సాగింది. 1954–55 సీజన్ మొదలయ్యే ముందు మైకాన్ రిటైరయ్యాడు కనుక దారి కొంత సుగమమైందన్న మాట నిజమే. కానీ మైకాన్ లేకుండానే లేకర్స్ ఆ ఏడాది 72 ఆటల్లో 40 గెలిచింది. కాబట్టి సిరక్యూస్ విజయానికి మైకాన్ లేకపోవడం ఒక్కటే కారణమని నేను అనుకోను.

ప్రశ్న: ఒక జట్టు బంతి అందుకున్నాక 24 సెకన్లలోపు బుట్ట వైపు వేయాలన్న నియమం ఆ సీజన్‌లోనే మొదలైందని చదివాను. అంతకుముందు ఆట ఎలా ఉండేది? 20 గానీ 30 గానీ కాకుండా సరిగ్గా 24 ఎందుకు?

జవాబు: అంతకుముందు బంతి చేతిలో ఉన్న జట్టు షాట్ ప్రయత్నించి తీరాలన్న నిబంధన ఏదీ లేదు. నాలుగైదు పాయింట్ల ఆధిక్యం దొరికితే చాలు, బంతిని బాగా అదుపు చేయగల ఆటగాడికి అప్పగించి, మిగతావారు కోర్టు నిండా విడివిడిగా నిలబడి, సమయం గడిచిపోయేదాకా బంతిని తమ మధ్యే తిప్పుకునేవారు. 1950 నవంబర్ 22న మినియాపొలిస్‌లో జరిగిన ఆట ఇందుకు పరాకాష్ఠ. మైకాన్‌ను మామూలు ఆటలో ఓడించలేమని తెలిసిన ఫోర్ట్ వేన్ పిస్టన్స్, బంతిని పట్టుకుని షాట్ వేయకుండా నిలబడిపోయింది. ప్రేక్షకులు ఎంత గోల చేసినా ఆ జట్టు పద్ధతి మార్చుకోలేదు. చివరి క్వార్టర్‌లో (ఆట నాలుగు భాగాల్లో ఆఖరిదానిలో) రెండు జట్లూ కలిసి చేసినవి నాలుగే పాయింట్లు. ఆఖరి క్షణాల్లో లారీ ఫౌస్ట్ వేసిన బుట్టతో ఫోర్ట్ వేన్ 19–18 తేడాతో గెలిచింది. లేకర్స్ చేసిన 18లో 15 మైకాన్‌వే. ఎన్‌బీఏ చరిత్రలో అంత తక్కువ స్కోరు మరే ఆటలోనూ నమోదు కాలేదు.

బంతిని దాచుకునే జట్టు నుంచి దాన్ని రాబట్టుకోవడానికి వెనుకబడిన జట్టుకు దొరికిన ఏకైక సాధనం ఫౌల్, అంటే ఎదుటి ఆటగాడిని నెట్టడం, పట్టుకోవడం వంటి నిబంధన ఉల్లంఘన. ఇక్కడ లెక్కను కొంచెం దగ్గరగా చూడాలి. షాట్ వేస్తుండగా కాక మామూలుగా ఫౌల్ చేస్తే ఎదుటివారికి దక్కేది ఒక్క ఫ్రీ త్రో (ఎవరూ అడ్డుకోకుండా గీత దగ్గర నిలబడి వేసే షాట్). అది పడినా పోయేది ఒక్క పాయింటే. ఆ వెంటనే బంతి ఫౌల్ చేసిన జట్టు చేతికి వస్తుంది, వారు బుట్ట వేస్తే రెండు పాయింట్లు. అంటే ఫౌల్ చేయడమే లాభసాటి బేరం. ఈ సంగతి ఆధిక్యంలో ఉన్న జట్టుకు కూడా తెలుసు కనుక వారూ తిరిగి ఫౌల్ చేసేవారు. అలా ఆఖరి క్వార్టర్ అంతా విజిళ్లతో, ఫ్రీ త్రో గీత దగ్గర నిరీక్షణతో గడిచిపోయేది. 1953 మార్చి 21న ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివర విజేతను తేల్చే దశలో) బోస్టన్ సెల్టిక్స్ నాలుగు ఓవర్‌టైమ్‌ల (స్కోరు సమమైతే ఆడే అదనపు సమయాల) తరువాత 111–105తో గెలిచినప్పుడు బాబ్ కూసీ చేసిన 50 పాయింట్లలో 30 ఫ్రీ త్రోల ద్వారా వచ్చినవే. ఆ రోజు ఓడిన జట్టు సిరక్యూస్ నేషనల్స్. ఈ జాడ్యం ఎంత ముదిరిందో బయసోన్ తన జట్టు ఓటమి ద్వారానే చూశాడన్న మాట.

ఇక 24 సంగతి. ప్రేక్షకులు మెచ్చిన, ఫౌళ్లతో నిలిచిపోకుండా సాగిన ఆటల స్కోరు పట్టికలు తిరగేస్తే, ఒక్కో జట్టు సుమారు 60 షాట్లు, రెండూ కలిపి 120 షాట్లు వేసినట్టు బయసోన్ గమనించాడు. ఆట నిడివి 48 నిమిషాలు, అంటే 2,880 సెకన్లు. దాన్ని 120తో భాగిస్తే 24. ఈ ఆలోచన రూపుదిద్దుకోవడంలో జట్టు జనరల్ మేనేజర్ లియో ఫెర్రిస్ పాత్ర కూడా గట్టిదే. ఆయన పేరు చాలాకాలం మరుగున పడిపోవడం అన్యాయమని నా అభిప్రాయం. ఈ లెక్కలోని అందమేమిటంటే, ఆట ఎలా ఉండాలో ఎవరూ కొత్తగా ఊహించలేదు. బాగున్న ఆటలు అప్పటికే ఎలా ఉన్నాయో చూసి, ఆ వేగాన్నే అందరికీ నియమంగా చేశారు.

1954 ఆగస్టు 10న సిరక్యూస్‌లోని బ్లాడ్జెట్ వొకేషనల్ హైస్కూల్ జిమ్‌లో, మిగతా జట్ల యజమానుల ఎదుట, ఆటగాళ్లతో ఒక ప్రయోగాత్మక ఆట ఆడించి చూపించారు. మొదట్లో ఆటగాళ్లు గడియారానికి భయపడి, బంతి అందిన కొన్ని సెకన్లకే షాట్ వేసేయడం మొదలుపెట్టారు. కాసేపు ఆడాక 24 సెకన్లు నిజానికి చాలా ఎక్కువ సమయమని, రెండు మూడు ఎత్తుగడలు వేయడానికి కూడా సరిపోతుందని వారికి అర్థమైంది. లీగ్ ఆ నియమాన్ని అదే సీజన్ నుంచి అమలుచేసింది.

ప్రశ్న: ఆట బాగుపడటానికి ఆ గడియారం ఒక్కటే సరిపోయిందా?

జవాబు: సరిపోలేదు, సరిపోయేది కూడా కాదు. గడియారంతో పాటే మరో నియమం వచ్చింది. దాన్ని చాలామంది మరచిపోతారు. ఒక క్వార్టర్‌లో ఒక జట్టు చేయగల ఫౌళ్లను ఆరుకు పరిమితం చేసి, ఆ పైన ప్రతి ఫౌల్‌కూ ఎదుటి జట్టుకు అదనపు ఫ్రీ త్రో ఇచ్చారు. దానితో పైన చెప్పిన లాభసాటి బేరం తలకిందులైంది. గడియారం ఫౌల్ చేయవలసిన అవసరాన్ని తీసివేసింది, ఈ పరిమితి ఫౌల్ చేయడంలోని లాభాన్ని తీసివేసింది. రెండింటిలో ఏది లేకపోయినా రెండోది సగమే పనిచేసేది.

ఫలితం మొదటి ఏడాదే కనిపించింది. ఒక్కో జట్టు సగటు స్కోరు అంతకుముందు సీజన్‌లో 79.5 ఉండగా, ఈ సీజన్‌లో 93.1కి పెరిగింది. కొత్త నియమంతో 1954 అక్టోబర్ 30న జరిగిన ఆటలో రోచెస్టర్ రాయల్స్ 98–95తో బోస్టన్‌ను ఓడించింది.

ప్రశ్న: నియమాన్ని ప్రతిపాదించిన యజమాని జట్టే ఆ ఏడాది గెలవడం అనుమానం కలిగించదా? తన జట్టుకు అనుకూలంగా ఉంటుందనే ఆయన దాన్ని తెచ్చాడేమో.

జవాబు: ఈ అనుమానం సహజమే. కానీ ఆ ఏడాది లెక్కలు దానికి పూర్తిగా వ్యతిరేకంగా ఉన్నాయి. కొత్త నియమం వేగంగా ఆడే జట్టుకు మేలు చేస్తుందని అందరూ అనుకున్నారు. ఆ ఏడాది అందరికన్నా వేగంగా ఆడిన జట్టు బోస్టన్. ఎన్‌బీఏలో సగటున 100 పాయింట్లు దాటిన మొట్టమొదటి జట్టు అదే, సగటు 101.4. అయినా ఆ జట్టు 36 గెలిచి 36 ఓడింది. నేషనల్స్ సగటు స్కోరు లీగ్ సగటు కన్నా తక్కువ, 91 పాయింట్ల దగ్గరే ఆగింది. కానీ ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్లలో ఆ జట్టుదే లీగ్‌లోకెల్లా తక్కువ సగటు. అంటే 24 సెకన్ల తొలి ఏడాదిలో కిరీటం దక్కినది వేగానికి కాదు, అడ్డుకునే శక్తికి.

దీనికి కారణం ఉందని నేను గట్టిగా నమ్ముతాను. గడియారం లేని రోజుల్లో మంచి డిఫెన్స్‌కు ప్రతిఫలం ఉండేది కాదు. నిమిషం సేపు ఒళ్లు హూనం చేసుకుని కాపలా కాసినా, ఎదుటి జట్టు బంతిని వెనక్కి తీసుకుని మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టవచ్చు. గడియారం వచ్చాక ఆ శ్రమకు ఒక గడువు ఏర్పడింది. 24 సెకన్లు ఎదుటివారిని మంచి షాట్ దొరకకుండా ఆపగలిగితే, వారు తప్పనిసరిగా చెడ్డ షాట్ వేయాలి, లేదా బంతి వదులుకోవాలి. ఆ తరువాత రీబౌండ్ (బుట్టలో పడక తిరిగి వచ్చిన బంతి) అందుకునే బలం ఉన్న జట్టు గెలుస్తుంది. కోచ్ అల్ సెర్వీ శిక్షణలో నేషనల్స్ సరిగ్గా అటువంటి జట్టు. ఆటగాడిగా ఉన్నప్పుడు కూడా ఎదుటివాడికి ఊపిరాడనివ్వని కాపలాకు పేరుబడ్డ సెర్వీ, జట్టుకు అదే అలవాటు చేశాడు.

ప్రశ్న: ఆ జట్టులో ముఖ్యమైన ఆటగాళ్లెవరు? డాల్ఫ్ షేస్ ఆట ప్రత్యేకత ఏమిటి?

జవాబు: షేస్ ఆ ఏడాది ఆటకు 18.5 పాయింట్లు, 12.3 రీబౌండ్లు సాధించాడు. ఆరడుగుల ఎనిమిది అంగుళాల మనిషి సాధారణంగా బుట్ట కిందే ఉండిపోయే ఆ కాలంలో, షేస్ దూరం నుంచి రెండు చేతులతో బంతిని చాలా ఎత్తుగా లేపి వేసేవాడు. దాన్ని ఆపుదామని కాపలా ఆటగాడు దగ్గరకు వస్తే, పక్కనుంచి దూసుకుపోయి బుట్ట కింద ఫౌల్ రాబట్టేవాడు. ఫ్రీ త్రోలు తప్పడం అరుదు. ఒకసారి కుడి చేయి విరిగి కట్టు కట్టించుకున్నా ఆడుతూనే ఉండి, ఆ కాలంలో ఎడమ చేతి వాటాన్ని మెరుగుపరచుకున్నాడు.

కొత్తగా చేరిన జానీ కెర్ మధ్యలో నిలబడి షేస్‌ను బుట్ట దగ్గరి మోతాదు మించిన భారం నుంచి తప్పించాడు. ఆ సీజన్‌తో మొదలుపెట్టి కెర్ 1965 దాకా ఒక్క ఆట కూడా మానకుండా వరుసగా 844 ఆటలు ఆడాడు. పాల్ సీమోర్, జార్జ్ కింగ్ బంతిని నడిపించేవారు. బెంచీ మీది నుంచి వచ్చే జిమ్ టకర్ 1955 ఫిబ్రవరి 20న న్యూయార్క్‌పై కేవలం 17 నిమిషాలు ఆడి పాయింట్లు, రీబౌండ్లు, అసిస్ట్‌లు (సహచరుడి బుట్టకు దారితీసిన పాస్‌లు) మూడింటిలోనూ రెండంకెలు దాటాడు. ఆ రికార్డును 2018లో నికోలా యోకిచ్ బద్దలుకొట్టేదాకా ఎవరూ దాటలేకపోయారు.

ప్రశ్న: ఎన్‌బీఏలో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఈ జట్టువాడేనా?

జవాబు: అవును, ఎర్ల్ లాయిడ్. అయితే ఆయన తొలి ఆట ఆడింది వాషింగ్టన్ కాపిటల్స్ తరఫున, 1950 అక్టోబర్ 31న, రోచెస్టర్‌లో. అదే సీజన్‌లో చక్ కూపర్ బోస్టన్‌కు, నాట్ క్లిఫ్టన్ న్యూయార్క్‌కు ఆడారు. ఆటల తేదీల వరుస వల్ల లాయిడ్ వారికన్నా కాస్త ముందు కోర్టులో అడుగుపెట్టాడు. ఏడు ఆటల తరువాత సైన్యంలోకి వెళ్లవలసి వచ్చింది, ఈలోగా వాషింగ్టన్ జట్టే మూతపడింది. సైన్యం నుంచి తిరిగి వచ్చాక 1952లో సిరక్యూస్‌లో చేరాడు.

1954–55లో ఆయన సగటు 10.2 పాయింట్లు, 7.7 రీబౌండ్లు. కానీ ఆయన విలువ ఈ అంకెల్లో పూర్తిగా కనిపించదు. ప్రత్యర్థి జట్టులోని అతి బలమైన ఫార్వర్డ్‌ను (బుట్టకు దగ్గరగా ఆడే ఆటగాడిని) కాపలా కాయడం, తన సహచరులు షాట్ వేసుకోవడానికి అడ్డుగా నిలబడి దారి చేయడం ఆయన పని. షేస్ స్వేచ్ఛగా ఆడగలిగాడంటే, దెబ్బలు తినే పనిని లాయిడ్ తన మీద వేసుకోవడం వల్లే. బడుల్లో జాతి వివక్ష రాజ్యాంగ విరుద్ధమని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది 1954 మే నెలలో, అంటే ఈ సీజన్‌కు ఐదు నెలల ముందే. తీర్పు వచ్చినంత మాత్రాన హోటళ్ల తలుపులు తెరుచుకోలేదు. సహచరులతో కలిసి ఆడి, వారితో కలిసి భోజనానికి కూర్చోలేని ఊళ్లు ఉన్న రోజుల్లో ఆ మనిషి అంత నిలకడగా ఆడటం నాకు ఆ సీజన్ మొత్తంలో అన్నిటికన్నా గౌరవం కలిగించే విషయం. ఎన్‌బీఏ విజేత జట్టులో ఆడిన తొలి నల్లజాతి ఆటగాళ్లు లాయిడ్, టకర్. లాయిడ్‌కు 2003లో బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో స్థానం లభించింది.

ప్రశ్న: సీజన్ ఎలా నడిచింది? ఫైనల్స్‌లో ఫోర్ట్ వేన్ తన సొంత ఊళ్లో ఒక్క ఆట కూడా ఆడలేదన్నది నిజమేనా?

జవాబు: సీజన్ మధ్యలో, 1954 నవంబర్ 27న, బాల్టిమోర్ బులెట్స్ జట్టు మూతపడింది. అప్పటిదాకా ఆ జట్టుతో జరిగిన ఆటల ఫలితాలను లెక్కలోంచి తీసివేశారు. మిగిలిన ఎనిమిదింటిలో తూర్పు విభాగంలో సిరక్యూస్, పశ్చిమ విభాగంలో ఫోర్ట్ వేన్ రెండూ సరిసమానంగా 43 గెలుపులు, 29 ఓటములతో మొదటి స్థానంలో నిలిచాయి. ప్లేఆఫ్స్‌లో సిరక్యూస్ బోస్టన్‌ను, ఫోర్ట్ వేన్ మినియాపొలిస్‌ను 3–1 తేడాతో ఓడించాయి.

ఫోర్ట్ వేన్ విషయం నిజమే. ఫైనల్స్ సమయానికి ఆ ఊరి ఆటశాలను జాతీయ బౌలింగ్ పోటీలకు ముందే ఇచ్చేశారు. అందువల్ల పిస్టన్స్ ‘సొంత’ ఆటలు మూడూ ఇండియానాపొలిస్‌లో జరిగాయి. బౌలింగ్ ఆటశాల యజమాని జట్టుకు బౌలింగ్ పోటీల వల్లే ఆ వెసులుబాటు కలగడం విచిత్రమైన సంగతి. అయినా పిస్టన్స్ ఆ మూడింటినీ గెలుచుకుంది. పిస్టన్స్ తేలికైన జట్టు కాదు. యజమాని ఫ్రెడ్ జోల్నర్ ఇంజిన్ పిస్టన్ల కర్మాగారం ఉన్న ధనవంతుడు, జట్టుకు సొంత విమానం ఏర్పాటు చేసినవాడు. అంతకుముందు రిఫరీగా పనిచేసిన చార్లీ ఎక్‌మన్‌ను ఆయన ఆ ఏడాది కోచ్‌గా నియమించాడు.

మార్చి 31 నుంచి ఏప్రిల్ 10 దాకా, పదకొండు రోజుల్లో ఏడు ఆటలు జరిగాయి. సిరక్యూస్ మొదటి రెండింటిని 86–82, 87–84తో గెలిచింది. ఇండియానాపొలిస్‌లో పిస్టన్స్ 96–89, 109–102, 74–71తో మూడూ గెలిచి ముందుకు వెళ్లింది. ఆరో ఆటలో సిరక్యూస్ 109–104తో నిలదొక్కుకుంది. మర్నాడే ఏడో ఆట.

ఆ ఏడో ఆటలో రెండో క్వార్టర్ వచ్చేసరికి ఫోర్ట్ వేన్ 41–24తో, అంటే 17 పాయింట్లతో ముందుంది. ఒక్క ఏడాది ముందైతే ఆట అక్కడితో ముగిసినట్టే. ఆండీ ఫిలిప్ వంటి నేర్పరి చేతికి బంతి ఇచ్చి, మిగిలిన సమయాన్ని కరగదీసేవారు. ఇప్పుడు ఫోర్ట్ వేన్‌కు ఆ వీలు లేదు. ప్రతి 24 సెకన్లకూ షాట్ వేయక తప్పదు, తప్పిన ప్రతి షాట్‌తో సిరక్యూస్‌కు మరో అవకాశం వస్తుంది. అలా ఒక్కో బుట్టతో తేడా తగ్గుతూ వచ్చి, చివరి నిమిషంలో స్కోరు 91–91 అయింది. 12 సెకన్లు మిగిలి ఉండగా ఫోర్ట్ వేన్ ఆటగాడు ఫ్రాంక్ బ్రయాన్ ఫౌల్ చేయడంతో దక్కిన ఫ్రీ త్రో ద్వారా జార్జ్ కింగ్ 92వ పాయింటు సాధించాడు. పిస్టన్స్‌కు ఇంకా ఒక షాట్‌కు సమయం ఉంది. బంతి ఫిలిప్ చేతిలో ఉంది. కింగ్ వెళ్లి ఆ బంతిని లాగేసుకున్నాడు. బంతి కాపాడుకోవడంలో దేశమంతటా పేరున్న ఆటగాడి చేతిలోంచి, షాట్ పడకముందే, ఆ సీజన్ ఫలితం మారిపోయింది. కోర్టులో ఉన్న అందరికన్నా పొడవైనవాడో, అందరికన్నా ఎక్కువ పాయింట్లు చేసేవాడో కాక, కాపలా కాసే ఒక గార్డు చేసిన పనితో ఆ జట్టు గెలవడం సెర్వీ నేర్పిన ఆటకు ఎంతో తగిన ఫలితమని నేను భావిస్తాను.

ప్రశ్న: అంత గొప్పగా గెలిచిన జట్టు ఆ ఊరు ఎందుకు విడిచిపెట్టింది?

జవాబు: డబ్బు. సిరక్యూస్ ఆటశాలలో పట్టే జనం, ఆ ఊరి నుంచి వచ్చే రాబడి పెద్ద నగరాల జట్లతో పోటీపడటానికి చాలలేదు. ఫోర్ట్ వేన్ పిస్టన్స్ 1957లో డెట్రాయిట్‌కు వెళ్లిపోయింది. రోచెస్టర్ కూడా అదే ఏడాది సిన్సినాటీకి మారింది. 1962లో వారియర్స్ జట్టు ఫిలడెల్ఫియా విడిచి శాన్‌ఫ్రాన్సిస్కో చేరడంతో ఫిలడెల్ఫియా మహానగరానికి జట్టు లేకుండా పోయింది. మరుసటి ఏడాది బయసోన్ జట్టును అమ్మేశాడు, కొత్త యజమానులు దాన్ని అక్కడికి తీసుకువెళ్లారు. ఇప్పటి ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్ ఆ జట్టే. బయసోన్ 1992లో మరణించాడు, 2000లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు స్థానం ఇచ్చారు. ఇది ఆయన బతికి ఉండగానే జరగవలసిన పని.

ప్రశ్న: మిగతా బాస్కెట్‌బాల్ పోటీల్లో కూడా ఈ నియమం అప్పుడే వచ్చిందా?

జవాబు: అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 1956లో 30 సెకన్ల గడువు తెచ్చి, 2000లో దాన్ని 24కు తగ్గించింది. అమెరికా కళాశాలల పురుషుల పోటీలు మాత్రం చాలాకాలం మొండికేశాయి. అక్కడ 1985–86 సీజన్‌లో 45 సెకన్లతో మొదలుపెట్టి, 1993–94లో 35కు, 2015–16లో 30కి దిగారు. 24కు ఇంకా రాలేదు.